ఏడో పీరియడ్ కాగితాలు

తాళం వేసిన బీరువాలో రనీమ్ ఫైలు ఉంది కానీ, ఆ ఫైలులో ఉన్న అమ్మాయి రనీమ్ కాదు.

రుదైనా హద్దాదీన్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. అట్ట మీద పేరు సరిగానే ఉంది. రనీమ్, పదకొండో తరగతి. చదివే వేగం చాలా తక్కువ. రాసే వేగం చాలా తక్కువ. కింద తన సంతకం. అట్ట తిప్పితే ఎనిమిది పేజీలు. ఆ ఎనిమిది పేజీల్లో ఒక్క పదం తప్పుపోలేదు. అక్షరాలు గుండ్రంగా, తీరుగా, ఎక్కడా తడబడకుండా సాగిపోయాయి. పక్కన ఎర్ర సిరాతో టిక్కులు. అవి తన చేత్తో పెట్టినవే.

రనీమ్ ఒక పేరా చదవాలంటే మూడు నిమిషాలు పడుతుంది. రాయమంటే సగం అక్షరాలు వెనక్కి తిరిగి నిలబడతాయి. అట్ట మీద ఒక పిల్ల, లోపల ఇంకో పిల్ల. మధ్యలో రుదైనా సంతకం.

అమ్మాన్‌లోని బుత్మా ఇంటర్నేషనల్ స్కూల్లో చదవడానికీ రాయడానికీ ఇబ్బందిపడే పిల్లల బాధ్యత పదకొండేళ్ళుగా రుదైనాదే. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అరవై మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పరీక్షిస్తుంది. ఎవరికి అదనపు సమయం కావాలో, ఎవరికి ప్రశ్నపత్రం చదివి వినిపించే మనిషి కావాలో తేలుస్తుంది. రనీమ్‌కి రెండూ కావాలి. డిస్లెక్సియా అని మూడో తరగతిలోనే తేలింది.

బయటి బోర్డు పరీక్షలు ఆదివారం మొదలు. ఇవాళ బుధవారం. రేపు ఉదయం ఎనిమిదింటికి బోర్డు తనిఖీ అధికారి వస్తోంది. ఆవిడ చూడదలచుకున్న ఐదు ఫైళ్ళ పేర్లు ఇవాళ తొమ్మిదింటికి వచ్చాయి. జాబితాలో రెండో పేరు రనీమ్‌ది.

ఈ ఎనిమిది పేజీలు చూస్తే ఆవిడ అక్కడికక్కడే అదనపు సమయం కొట్టేస్తుంది. మళ్ళీ పరీక్షించడానికి లేదు, గడువు మార్చితోనే అయిపోయింది. అదనపు సమయం లేకుండా రనీమ్ ఐదు సబ్జెక్టులు గట్టెక్కలేదు. గట్టెక్కకపోతే ఆఖరి రెండేళ్ళకు, పన్నెండు, పదమూడు తరగతులకు, ఈ బడిలో చోటుండదు. ఆ పిల్ల తల్లి బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఉద్యోగి. సిబ్బంది పిల్లలకిచ్చే ఉచిత సీటు అది. పోతే మళ్ళీ రాదు.

బీరువాకి రెండే తాళంచెవులు. ఒకటి రుదైనా మెడలో ఉంది. రెండోది పరీక్షల ఆఫీసులో ఉస్తాద్ వహీబ్ సొరుగులో ఉంటుంది. ఆమె ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

*

పెద్దకొడుకు పేరుతో అందరూ అబూ ముహన్నద్ అని పిలిచే ఉస్తాద్ వహీబ్, రుదైనా చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పిన మాస్టారు. ఇప్పుడు పరీక్షల వ్యవహారమంతా ఆయనదే. ఎవరికి ఎంత అదనపు సమయమో రుదైనా రాసిస్తే, బోర్డు కంప్యూటర్లోకి ఎక్కించేది ఆయనే. నవంబరులో ఆ పెద్దకొడుకే పోయాడు. జరష్ దగ్గర పొలంలో వేటతుపాకీ తుడుస్తుంటే పేలిందన్నారు. మూడు రోజుల పరామర్శలో చేదుకాఫీ తాగి, ఏం మాట్లాడాలో తెలియక వచ్చేసింది రుదైనా.

"రా బిడ్డా. సరిగ్గా టీ వేళకే వచ్చావు," అన్నాడాయన. సేజ్ ఆకు వేసి మరిగించిన టీ గది నిండా ఘుమఘుమలాడుతోంది. పళ్ళెంలో మూడు గ్లాసులు పెట్టి మూడింట్లోనూ పోశాడు.

"ఎవరైనా వస్తున్నారా?"

"లేదులే. నువ్వు తాగు."

రుదైనా గ్లాసు ముట్టుకోలేదు. ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన అట్ట చూశాడు, మొదటి పేజీ చూశాడు, మూసేశాడు.

"నీ రాతే కదా ఇది."

"నా రాతే. అందుకే భయమేస్తోంది. లోపలి పేజీలు రనీమ్‌వి కావు, ఉస్తాద్. ఎవరో మార్చారు. మీ తాళంచెవి ఎవరికైనా ఇచ్చారా?"

"సొరుగులోనే ఉంది." ఆయన సొరుగు లాగి చూపించాడు. "అరవై మందిని పరీక్షిస్తావు. పిన్నులు కొట్టేటప్పుడు ఒకరి కాగితాలు ఒకరి అట్టలోకి వెళ్ళి ఉంటాయి. నాకూ జరిగాయి ఇలాంటివి."

"నాకు జరగలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా."

"సరే. డైరెక్టర్‌కి ఇప్పుడే చెప్పకు. సాయంత్రం దాకా ఆగు. నేనూ వెతుకుతాను." ఆయన గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. "ఆయనకి పరీక్ష ముఖ్యం కాదు, పరువు ముఖ్యం. నీ మీద పెట్టేస్తాడు."

గుమ్మం దగ్గర ఆగి అడిగింది రుదైనా. "జుమానా ఎలా ఉంది? ఈ మధ్య నవ్వడం చూడలేదు."

జుమానా ఆయన మనవరాలు, ముహన్నద్ కూతురు. రనీమ్ తరగతిలోనే చదువుతోంది.

"చదువుకుంటోంది," అన్నాడాయన, కిటికీ వైపు చూస్తూ.

*

సాయంత్రం దాకా ఆగే అవకాశం రుదైనాకి దొరకలేదు. పన్నెండింటికల్లా డైరెక్టర్ డాక్టర్ నాయిఫ్ ఐదు ఫైళ్ళూ తన బల్ల మీదికి తెప్పించుకున్నాడు. ఆయన ఈ బడికి వచ్చి రెండేళ్ళయింది. తెల్ల చొక్కా మీద ముడత పడితే మనిషి మారిపోతాడని పేరు.

"కూర్చోండి, మేడమ్ రుదైనా." ఆయన రనీమ్ పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. "నాకు చదవడంలో ఇబ్బంది లేదు. ఈ పిల్లకీ ఉన్నట్టు లేదు."

"అవి ఆ పిల్లవి కావు."

"మరి ఎవరివి?"

"ఇంకా తెలియదు."

"సంతకం ఎవరిది?"

"నాది."

"టిక్కులు?"

"నావే."

"మీ సంతకం, మీ టిక్కులు, మీ బీరువా. దొంగ కోసం నేను ఇంటి బయట వెతకాలంటారా?" ఆయన గొంతు పెంచలేదు. "బస్సు ఆవిడకీ మీకూ స్నేహం అని అందరికీ తెలుసు. పోయిన శీతాకాలం మీ కారు డిక్కీలో ఆలివ్ నూనె డబ్బా పెట్టింది ఆవిడే కదా?"

"కొనుక్కున్నాను. వాళ్ళ తోటలోది. మీరూ ఒకటి కావాలన్నారు, గుర్తులేదా? మీ పేరు చెప్పి ఆవిడ పక్కన పెట్టింది కూడా."

ఆయన పెదవి బిగించాడు. సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఆమె వైపు జరిపాడు.

"చదవండి. రనీమ్ విషయంలో పొరపాటు జరిగింది, మేమే కనిపెట్టాం, అదనపు సమయం మేమే రద్దు చేస్తున్నాం. అంతే. మూడింటికి బస్సులు కదిలేలోపు సంతకం పెట్టి పంపండి."

"ఒక్క పిల్లకి ఆదివారం పరీక్ష ఉంది, డాక్టర్."

"అరవై మందికి ఉంది. రేపు తనిఖీ ఆవిడ తనే పట్టుకుంటే అరవై ఫైళ్ళూ తవ్వుతుంది. అరవై మందికీ పోతుంది. ఒకరు మునుగుతారా, అందరూ మునుగుతారా, మీరే తేల్చుకోండి."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. రుదైనా ఉత్తరం, ఫైలు రెండూ తీసుకుని లేచింది. గడియారంలో పన్నెండు నలభై.

*

బస్సుల ఆవరణలో రనీమ్ తల్లి ఉమ్ ఖుతైబా నారింజరంగు కోటు వేసుకుని, మెడలో ఈలతో, ఒక డ్రైవర్‌ని కడిగేస్తోంది. "అద్దం తుడిచావా, లేక దుమ్ము అటునుంచి ఇటు జరిపావా?" రుదైనాని చూడగానే గొంతు మార్చింది. "రండి మిస్, రండి. ఇదుగో, మీ శిష్యురాలు కూడా ఇక్కడే ఉంది. తిండి బెల్లు కొడితే చాలు, అమ్మ గుర్తొస్తుంది దీనికి."

రనీమ్ బస్సు మెట్టు మీద కూర్చుని పచ్చి బాదంకాయలు ఉప్పులో అద్దుకుని కొరుకుతోంది. పదహారేళ్ళ పిల్ల, పొడుగు. వేళ్ళకి ఎప్పుడూ సిరా మరకలు. పుస్తకంలో లైను తప్పిపోకుండా వేలితో పట్టుకుని చదువుతుంది.

రుదైనా ఆమె పక్కన కూర్చుని మొదటి పేజీ చూపించింది. "ఇది నువ్వు రాశావా?"

రనీమ్ చూసి నవ్వింది. "నేను ఇలా రాయగలిగితే మీ గదికి ఎందుకొస్తాను, మిస్?"

"నోట్లో కాయ తీసి మాట్లాడవే," అంది తల్లి. తర్వాత రుదైనా మొహం చూసి ఈల చేత్తో పట్టుకుంది. "ఏమైంది మిస్?"

రుదైనా దాచలేదు. ఉత్తరం సంగతి కూడా చెప్పింది. రనీమ్ చేతిలోని బాదంకాయ కొరకకుండా అలాగే ఉండిపోయింది.

"అంటే నేను మోసం చేశానంటున్నారా?" అడిగింది మెల్లగా.

"నేను చేశానంటున్నారు."

"అదింకా అన్యాయం." రనీమ్ పేజీలు తిప్పింది. రెండో పేజీ మూలన అచ్చు గళ్ళున్నాయి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, విరామంలో ఏమిచ్చారు. ఆ పిల్ల వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "వి... రామం. నీళ్ళు. రెండు బిస్కట్లు." తలెత్తింది. "మిస్, నాకు మీరు పరీక్ష పెట్టింది రంజాన్‌లో. నేను ఉపవాసం. నాలుక అంగిలికి అంటుకుపోయింది ఆ రోజు. మీరు మీ నీళ్ళ సీసా తీసి బల్ల కింద దాచేశారు. నేను చూడలేదనుకున్నారు."

రుదైనా క్రైస్తవురాలు. రంజాన్ నెలంతా పిల్లల ఎదుట నీళ్ళు కూడా తాగదు. ఆ రోజూ దాచింది. ఇప్పుడు గుర్తొచ్చింది. జవాబులు తప్పుల్లేకుండా ఉన్నాయని చూసిందే కానీ, ఈ గళ్ళవైపు ఆమె కన్ను పోలేదు.

"టైం ఏమని ఉంది?" ఉమ్ ఖుతైబా మెడ సాచింది.

"మొదలు రెండు పది. ముగింపు మూడు ఇరవై."

"రంజాన్‌లోనా?" ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "రంజాన్‌లో ఒకటిన్నరకి బస్సులు కదిలించాను మిస్, నెలంతా. రెండు పదికి నేను స్వైలిహ్ దాటి, పిల్లల్ని దించి, ఇంట్లో వంకాయలు తరుగుతున్నాను. ఇది నా పక్కన కూర్చుని ఎప్పుడు సూర్యాస్తమయం అని నా ప్రాణం తీస్తోంది. రంజాన్‌లో ఏడో పీరియడే ఉండదు కదా."

అట్ట మీద తారీఖు రంజాన్ రెండో వారంలోది. లోపలి కాగితాల మీది సమయం ఆ నెలలో ఈ బడిలో లేనే లేదు.

"అంటే మామూలు రోజుల్లో, ఏడో పీరియడ్‌లో రాసిన పిల్ల," అంది రుదైనా.

"బస్సు పిల్ల కూడా కాదు," అంది ఉమ్ ఖుతైబా. "మామూలు రోజుల్లో మూడింటికి బస్సులు వెళ్ళిపోతాయి. మూడు ఇరవైదాకా కూర్చుందంటే, ఎవరో కారులో తీసుకెళ్ళే పిల్ల." రనీమ్ తల మీద అరచెయ్యి ఉంచింది. "పో అమ్మా, క్లాసుకి పో. మిస్ చూసుకుంటుంది."

రనీమ్ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మిస్, ఒకవేళ దొరక్కపోతే... సంతకం పెట్టేయండి. మిగతావాళ్ళకి పోకూడదు కదా."

ఉమ్ ఖుతైబా ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా, గేటు వైపు తిరిగి నిలబడింది.

*

రుదైనా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఒకటీ ముప్పావు. ఫిబ్రవరి డైరీ తెరిచింది. ఏడో పీరియడ్‌లో పరీక్షించిన పదకొండో తరగతి పిల్లలు నలుగురు. ఇద్దరు మగపిల్లలు. వాళ్ళ రాత కోడిగీతలు, వీళ్ళు కారు. మిగిలినవాళ్ళు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళలో ఒకరు ఎడమచేతివాటం, అక్షరాలు ఎప్పుడూ ఎడమకి వాలతాయి. ఈ అక్షరాలు వాలలేదు.

నాలుగో పేరు మీద వేలు ఆగిపోయింది. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. లోపలి పేజీల మీద పేర్లుండవు. రెండోసారి దిద్దేవాళ్ళు మొహమాటపడకూడదని అలా ఏర్పాటు. పేరు అట్ట మీదే ఉంటుంది. పేరు లేకుండా పిల్లని గుర్తుపట్టాలంటే ఒక్కటే దారి, ఎనిమిదో పేజీ.

ఎనిమిదో పేజీలో పిల్లలు ఇరవై నిమిషాలపాటు సొంతంగా రాస్తారు. ఈ ఏడాది ఇచ్చిన అంశం 'మా ఇంట్లో ఒక ఉదయం'. ఏం రాశారన్నదానికి మార్కుల్లేవు, ఎన్ని మాటలు రాశారన్నదే లెక్క. రుదైనా పెన్సిల్‌తో ప్రతి పది మాటలకీ ఒక గీత పెట్టుకుంటూ పోయి, చివర మొత్తం రాస్తుంది. ఈ పేజీ అడుగున తన చేత్తో రాసి ఉంది: నాలుగు వందల ముప్ఫై ఒకటి. వేగం సగటుకంటే ఎక్కువ. ఇబ్బంది లేదు.

తను లెక్కపెట్టిన మాటలను ఇప్పుడు మొదటిసారి చదివింది.

'మా ఇంట్లో ఉదయం టీ మూడు గ్లాసుల్లో పోస్తారు. ఒకటి తాతయ్యది, ఒకటి నాది, ఒకటి నాన్నది. నాన్న నవంబరు నుంచి లేడు. మేము తాగడం అయ్యేదాకా ఆ గ్లాసు బల్ల మీదే ఉంటుంది. తర్వాత తాతయ్య దాన్ని మల్లెకుండీలో పోస్తాడు. దాని గురించి మేము మాట్లాడుకోము. నేను పుస్తకం తెరిస్తే ఒకే లైను పదిసార్లు చదువుతాను. లైను అర్థమవుతుంది. తర్వాతి లైను ఎందుకు చదవాలో అర్థం కాదు...'

పది మాటలకో గీత. 'నాన్న' మీద ఒకటి, 'లేడు' పక్కన ఒకటి. పెన్సిల్ గీతలు ఎక్కడా వంకర పోలేదు. ఆ రోజు తన చెయ్యి అంత నిబ్బరంగా నడిచిందన్నమాట.

రుదైనా ఫైలు తీసుకుని కిందికి వెళ్ళింది. డైరెక్టర్ ఉత్తరం బల్ల మీదే ఉండిపోయింది.

*

ఉస్తాద్ వహీబ్ గదిలో పళ్ళెం ఉదయం ఉన్నచోటే ఉంది. రెండు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. మూడోది నిండుగా, చల్లారి, పైన తెట్టు కట్టి ఉంది. పక్కనే ఇంకో ఫైలు బల్ల మధ్యలో పెట్టి ఉంది. అట్ట మీద జుమానా పేరు.

రుదైనా ఎనిమిదో పేజీ తీసి ఆ ఫైలు పక్కన పెట్టింది.

ఆయన పేజీ వైపు చూడలేదు. కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వొస్తావని తెలుసు. ఒంటిగంట నుంచి ఎదురుచూస్తున్నాను. నేనే పైకి రావాల్సింది. కాళ్ళు రాలేదు."

"మీరు చెప్పండి, ఉస్తాద్. నేను చెప్పలేను."

"చెబుతాను. కూర్చో. తలుపు తెరిచే ఉండనీ." ఆయన చేతులు బల్ల మీద ఆనించాడు. "నేనే మార్చాను. ఈద్ సెలవులకి ముందురోజు. నువ్వు కింద సిబ్బందికి మిఠాయి పెట్టెలు పంచుతున్నావు. బీరువా తెరిచాను, రెండు ఫైళ్ళ పిన్నులు ఊడదీశాను, అట్టలు మార్చి మళ్ళీ కొట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది. జుమానా అట్ట మీద 'ఇబ్బంది లేదు' అని నువ్వు రాసినచోట 'చాలా తక్కువ' అని దిద్దాను. నీ జాబితాలో లేని పేరు ఒకటి, జుమానా పేరు, కంప్యూటర్లో నేనే కలిపాను. ఇదిగో, రనీమ్ అసలు కాగితాలు ఈ అట్టలో ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

"ఫిబ్రవరిలో నేను నీ దగ్గరకొచ్చాను, గుర్తుందా? పిల్ల పుస్తకం ముందు గంటలు గంటలు కూర్చుంటుంది, పేజీ తిరగదు, ఏదో ఒకటి చూడు అన్నాను. నువ్వు చూశావు. చూసి, ఏ ఇబ్బందీ లేదు ఉస్తాద్, సంతోషించండి అన్నావు. నీ తప్పు కాదది. నీ కాగితంలో దుఃఖానికి గడి లేదు.

"ఆ అమ్మాయినే ఎందుకంటావా? నకలు కాగితం చెల్లదు, సిరాతో రాసినది కావాలి. అదే తరగతి ఆడపిల్లది కావాలి. రనీమ్‌కి మూడో తరగతి నుంచి ఉన్న సదుపాయం, ఎవరు మళ్ళీ తవ్వుతారులే అనుకున్నాను. ఒకవేళ తవ్వినా, ఆ పిల్ల వెనక నువ్వున్నావు, ఈలేసే తల్లి ఉంది. నా పిల్ల వెనక ఒక ముసలివాడున్నాడు, అంతే. అలా లెక్కవేశాను. జీవితమంతా పిల్లలకి లెక్కలు నేర్పినవాణ్ణి.

"ఆ ఎనిమిదో పేజీ నేను చదివాను, రుదైనా. చింపేద్దామనుకున్నాను. చింపితే పేజీ తగ్గి తేలిపోతుంది. ఉంచితే నువ్వు చదివితే తేలిపోతుంది. ఒకసారి లెక్కపెట్టేసిన పేజీని నువ్వు మళ్ళీ ఎందుకు చదువుతావులే అనుకుని ఉంచాను. అది కూడా పూర్తిగా నిజం కాదు. చింపడానికి చేతులు రాలేదు."

"చావు జరిగిన ఇంటి పిల్లలకి బోర్డుని మినహాయింపు అడిగే ఫారం వేరే ఉంది కదా," అంది రుదైనా. "అది మీకు నాకన్నా బాగా తెలుసు. ఏటా మీరే పంపిస్తారు."

"తెలుసు. దానికి మరణపత్రం జతచెయ్యాలి. అందులో ఒక లైను ఉంది, ప్రభుత్వ డాక్టర్ రాసింది. మూడు రోజులు మా ఇంట్లో చేదుకాఫీ తాగిన ఐదొందల మందికి నేను చెప్పిన మాట అది కాదు. ఆ కాగితం ఈ బడిలోకి వస్తే ఎందరి చేతులు మారుతుందో నాకు తెలియదా? రోజుకి యాభైసార్లు నన్ను అబూ ముహన్నద్ అని పిలుస్తారు. ఆ పిలుపులోకి ఆ లైను రాకూడదనుకున్నాను."

బయట మొదటి బస్సు ఇంజను మొదలైంది. రుదైనా జేబురుమాలు వెతుక్కుంది, దొరకలేదు.

"ఆ ఫారం గడువు ఇంకా ఉంది," అంది. "పరీక్షలయ్యాక కూడా వారం ఇస్తారు."

ఆయన తల ఊపాడు. చల్లారిన గ్లాసు దగ్గరికి లాక్కుని, దాని అంచు మీద వేలు పెట్టాడు.

"జుమానాకి ఏమీ తెలియదు. అదనపు సమయం నువ్వే ఇప్పించావనుకుంటోంది. దాన్ని ఏమీ అనకండి. తొమ్మిదింటికి జాబితా వచ్చింది. రెండో పేరు చూశాను. ఆ క్షణమే పైకొచ్చి చెప్పి ఉంటే ఒక ముసలివాడి తప్పు అయ్యేది. నువ్వు ఫైలు పట్టుకొచ్చావు. టీ పోశాను. పిన్నులు పొరపాటున పడుంటాయన్నాను. ఆ నాయిఫ్ నిన్ను దొంగని చేస్తాడని తెలిసీ, ఐదు గంటలు ఈ కుర్చీలో కూర్చున్నాను. కాగితాలు మార్చింది మనవరాలి కోసం అనుకో. ఈ ఐదు గంటలు మాత్రం నా కోసమే. ముందు ఆ బస్సు కదలకుండా ఆపి రనీమ్‌కి చెప్పు, ఆదివారం తన టైం తనకుంటుందని. డైరెక్టర్ దగ్గరికి నేను వెళతాను. రేపు ఎనిమిదింటికి ఆ తనిఖీ ఆవిడ ముందు కూడా నేనే నిలబడతాను. ఇదే మాట చెబుతాను, వహీబ్ మార్చాడని. వెళ్ళేముందు ఆ సొరుగులోంచి ఫారం ఒకటి తీసిచ్చి వెళ్ళు, కారణం రాసే గడి ఇవాళ నాకు కనబడదు, వేలు పెట్టి చూపించు. మా అబ్బాయి చేతిలో తుపాకీ పొరపాటున పేలలేదు, రుదైనా. వాడే పేల్చుకున్నాడు. అదీ నేనే దాచాను, ఇదీ నేనే దాచాను."